తుపాకీ పేలకముందే
2024 సెప్టెంబర్ 3, పారిస్. స్టాడ్ డి ఫ్రాన్స్‌లో ఊదారంగు ట్రాక్ మీద పారాలింపిక్స్ మహిళల 400 మీటర్ల టీ20 (మేధోపరమైన వైకల్యం ఉన్నవారి విభాగం) ఫైనల్. వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి దీప్తి జీవాంజి గీతకు ఇవతల వేళ్లు ఆనించి వంగింది. మే నెలలో కోబెలో 55.07 సెకన్లతో ఆమె నెలకొల్పిన ప్రపంచ రికార్డును తుర్కియే అమ్మాయి ఐసెల్ ఒండెర్ ఇక్కడి హీట్స్‌లోనే చెరిపేసింది. ఆ ఒండెర్ కూడా ఇప్పుడు ఇదే పందెంలో ఉంది.

తుపాకీ ఇంకా పేలలేదు. అయినా అలాంటి క్షణంలో ఏ రన్నర్ గుండే నిమ్మళంగా ఉండదు. కాళ్లను కదిలించబోయే మెదడు గుండెకూ ముందే కబురు పెట్టేస్తుంది. డెన్మార్క్‌లో శాస్త్రవేత్తలు క్రోగ్, లిండ్‌హార్డ్ 1913లోనే ఈ దారి చూపారు.

గుండెను దాని మానాన వదిలేస్తే నిమిషానికి సుమారు 100 సార్లు కొట్టుకుంటుంది. కూర్చున్నప్పుడు మనకు 70 దగ్గర ఆగుతోందంటే వేగస్ నాడి కళ్లెం పట్టుకుని ఉండబట్టే. రోజూ పరిగెత్తేవాళ్లలో ఆ పట్టు ఇంకా గట్టిది, 50 లోపే ఉండొచ్చు.

తుపాకీ పేలింది. ఒకటి రెండు స్పందనల్లోనే వేగస్ పట్టు సడలుతుంది. గుండె వేగాన్ని పెంచే సహానుభూత నాడులు అంత చురుకైనవి కావు, వాటి ప్రభావం తెలియడానికి కొన్ని సెకన్లు కావాలి. 55 సెకన్ల పందెంలో ఆ సెకన్లు తక్కువేం కావు! ఆ తర్వాత గుండె వేగమే కాదు, బిగువూ పెరుగుతుంది. అధివృక్క గ్రంథుల అడ్రినలిన్ రక్తంలో తోడవుతుంది. మెడ ధమనిలోని గ్రాహకాలు మామూలప్పుడైతే రక్తపోటు పెరగ్గానే గుండెను నెమ్మదించమంటాయి. పరుగులో మెదడు వాటి హద్దునే పైకి జరుపుతుంది. ఆఖరి వంద మీటర్లలో తొడలు మండుతుంటే కండరాల్లోని నాడులు ఇంకా రక్తం కావాలని మొరపెడతాయి.

నాడులు తెగిన గుండెకు ఈ హడావుడి ఉండదు. మార్పిడి చేసిన గుండె వ్యాయామంలో ఆలస్యంగా, రక్తంలోని అడ్రినలిన్ అందాకే వేగం పుంజుకుంటుంది.

ఇక పందెం ఫలితం: ఉక్రెయిన్ అమ్మాయి షులియార్ 55.16, ఒండెర్ 55.23, దీప్తి 55.82. కాంస్యం. కోచ్ నాగపురి రమేష్ శిష్యురాలికి పారాలింపిక్ పతకం!

గీత దాటగానే వేగస్ మళ్లీ పట్టు బిగిస్తుంది. మీరు ఎప్పుడైనా ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించుకుంటే, ఆపిన మొదటి నిమిషంలో గుండె వేగం ఎంత తగ్గిందో డాక్టరును అడగండి. 12 కంటే ఎక్కువ తగ్గకపోతే దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు.