నీడ శబ్దము - అర్థవిచారము

వెలుగున కేదేని వస్తువు అడ్డుపడగా నేర్పడు చీకటిని తెలుగున 'నీడ' యందుము. సంస్కృత సమమగు 'ఛాయ'యు దీనికి పర్యాయముగా వాడుకలో నున్నది. ఇవి వెలుగు లేమిని మాత్రమే చెప్పుచున్నవా యను విషయమును మే మిచట పరిశీలింపదలచితిమి.

నీడ ద్రావిడ పదము. తమిళ మలయాళములందలి 'నిఴల్', కన్నడమునందలి 'నెళల్' దీని సోదర రూపములు. తమిళమునందలి ఏఴు, కోఴి పదములకు తెలుగున ఏడు, కోడి యెట్టివో, నిఴల్ పదమునకు నీడ యట్టిది. 'ఴ' వర్ణము ప్రాచీన తెలుగు శాసనములందు కానవచ్చును. తరువాత నది డకారాదులుగా మాఱినది.

సంస్కృతమున గూడు అను నర్థమున వేఱొక 'నీడ' శబ్దము కలదు. పక్షికి 'నీడజము' అను పేరు దానినుండియే వచ్చినది. 'నిలువ నీడ లేదు' అను పలుకుబడిలో నీడకు ఇల్లు, ఆశ్రయము అను నర్థ మున్నందున, అది యీ సంస్కృత శబ్దమునుండి సంక్రమించెనేమో యని శంక కలుగవచ్చును. అది సరికాదు. తమిళ నిఴల్ పదమునకును రక్షణము, అనుగ్రహము అను నర్థములు కలవు. సంగమ సాహిత్యమున రాజు వెల్లగొడుగు నీడ ప్రజాపాలనమునకు చిహ్నము. ఎండ మెండగు దేశమున చెట్టు నీడయే తొలి యాశ్రయ మగుట సహజము. కావున నీ యర్థము దేశ్యమే యని మా నిశ్చయము.

ఛాయ మఱియొక త్రోవ త్రొక్కినది. సంస్కృతముననే దానికి కాంతి, వర్ణము అను నర్థములు కలవు. తెలుగున 'చాయ'యై 'చామనచాయ' వంటి మాటలలో మేనిరంగునకు పేరైనది. 'ఆ చాయలకు పోలేదు' అనునపుడు సమీపమును తెలుపును. నీడకు, రంగునకు గల యీ పొత్తు మన తోలుబొమ్మలాటలో కంటికి గట్టును. పలుచని తోలునకు రంగు లద్దుటచే దీపపు వెలుగు పూర్తిగా నాగక తెఱపై రంగుల నీడలు పడును. ఇట్టి ప్రదర్శనమునకు సంస్కృతమున 'ఛాయానాటక' మని నీడను బట్టి పేరు రాగా, తెలుగు వారు తోలును బట్టి పేరిడిరి.

ఇంకొక ప్రయోగమును విడువరాదు. కొందఱి నీడ సోకిన మైల యని తలచిన కాల మొకటి యుండెను. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన రాజ్యాంగము 17వ అధికరణముచే అస్పృశ్యతను రద్దు చేసినది. ఒకరికి ఆశ్రయమైన మాటయే మఱియొకరిని దూరముగ నెట్టుటకు సాధన మైనది. నిఘంటుకర్త 'నిలువ నీడ' ప్రక్కనే 'నీడ సోకుట'ను గూడ చేర్పవలెను. చేర్పనిచో నా పద చరిత్రలో సగమే చెప్పినవా డగును.