కంటి కట్టు విప్పిన పిమ్మట

కంటిపాప వెనుక నున్న స్వచ్ఛమైన కటకము వార్ధక్యమున మసకబారుటను మనవారు శుక్లమనిరి. హైదరాబాదు ప్రాంతమున మోతిబిందు అనుటయు వాడుక. నొప్పి లేదు, ఎఱుపు లేదు. దీపము చుట్టును వెలుగు చెదరి కనబడుట, అద్దములు మార్చినను చూపు మరల మందగించుట, తుదకు మనుమని మొగము మంచుతెర చాటున నున్నట్లు తోచుట: ఇంత నిశ్శబ్దముగా వచ్చు వ్యాధి గనుకనే పలువురు దీనిని వయోధర్మమని సహించి యూరకుండిరి.

సుశ్రుతసంహిత మాత్రము ఊరకుండలేదు. ఉత్తరతంత్రమున కఫజమగు లింగనాశమునకు, అనగా శుక్లమునకు, శలాక యను సూదివంటి పనిముట్టుతో పొడుచుటను విధించుచు, రోగిని తన నాసికాగ్రమును చూచుచు కదలక కూర్చుండుమని, కుడికంటిని ఎడమచేతను ఎడమకంటిని కుడిచేతను వేధింపవలెనని, పిమ్మట కంటిని స్తన్యముతో తడిపి, నేయి పూసి, వస్త్రముతో కట్టి, రోగిని వెల్లకిల పరుండబెట్టి తుమ్ము, దగ్గు, త్రేనుపు రాకుండ కాపాడవలెనని ఆ గ్రంథము చెప్పుచున్నది. శలాక చక్కగా లేనిచో కలుగు కీడులను సైతము ఏకరువు పెట్టినది. నన్ను మిక్కిలి ఆకర్షించునది ఆ వేధనకౌశలము కాదు, వేధించిన పిమ్మట చూపిన యీ జాగరూకతయే. ఏలయన శలాక శుక్లమును వెలికి తీయదు. చూపునకు అడ్డము లేకుండ కంటి లోపలికే త్రోయును. రోగికి తత్క్షణమే వెలుగు కనబడును గాని, ఆ కంటి భాగ్యము తరువాతి దినములలోనే తేలును.

కాలక్రమమున విద్య ఒకచోట, చేయి ఒకచోట అయినవి. శలాక పట్టి ఊరూర తిరుగు వైద్యులు చూపు కలిగిన క్షణమున ప్రతిఫలమును గ్రహించి మరియొక ఊరికి సాగిపోగా, చీము పట్టియో, లోపలి ఒత్తిడి పెరిగియో చెడిన కన్నులను చూచుటకు వారు మరల రాలేదు. మద్రాసు కంటి ఆసుపత్రిని నడిపిన రాబర్టు హెన్రీ ఎలియట్ అట్టి కన్నుల చరిత్రను శ్రద్ధతో సేకరించి గ్రంథముగా ప్రకటించెను. 1819లో స్థాపితమై ఎగుమూరులో నెలకొన్న ఆ ఆసుపత్రి, మద్రాసు రాజధానిలో మనవారును చేరియుండిన దినములలో తెలుగువారిదియు గదా!

అంతకు పూర్వమే తంజావూరున రెండవ శరభోజి చికిత్స పిమ్మటి ఈ జాగరూకతను మరువలేదు. 1798 మొదలు 1832 వఱకు పాలించిన ఆ మహారాష్ట్రప్రభువు పేరు తెలుగు తాళపత్రములను కాపాడిన సరస్వతీమహలు మూలమున మనకు ప్రియమైనది. ఆ భాండారముననే ఆయన నాటి నేత్రచికిత్సల పత్రములును లభించినవి: రోగి వివరములు, చికిత్సకు ముందును పిమ్మటను కన్ను ఎట్లుండెనో చూపు వర్ణచిత్రములు. ఒక సామాన్యుని కంటిని రెండుసార్లు చిత్రింపించిన ఆ రాజునకు చేతులెత్తి మ్రొక్కవలెను.

శుక్లమును లోపలికి త్రోయుటకు మారుగా, ఐరోపాలో జాక్ దావియేల్ అను వైద్యుడు 1747లో దానిని కంటినుండి వెలికి తీసెను. కటకము పోయిన కంటికి నాడు దళసరి అద్దములు తప్పకుండెను. జనులు సోడాబుడ్డి కళ్లద్దములన్నవి అవియే. యుద్ధవిమానముల పారదర్శక కప్పుల తునుకలు వైమానికుల కన్నులలో చిక్కియు వాపు కలిగింపకుండుటను గమనించిన హెరాల్డ్ రిడ్లే అను నేత్రవైద్యుడు, ఆ జాతి పదార్థముతో కటకము చేయించి, 1949లో లండనున ఒక రోగి కంటిలో అమర్చెను.

నేడు శుక్లము ముదరువఱకు వేచియుండ నక్కఱలేదు. మిక్కిలి ముదిరినది ఒక్కొక్కప్పుడు కంటిలో ఒత్తిడిని పెంచి, మరల రాని చూపును హరించును. అయినను “ఇంకా ముదరలేదు” అని వాయిదా వేయు పెద్దలు మన యిండ్లలో నేటికిని కలరు. ఆ మాట శుక్లమును గట్టిపడిన పిమ్మట తీయుటయే క్షేమమని వైద్యులు తలచిన కాలపుది.