కొమ్ముల రంగు నుంచి రేడియం దాకా: పలమనేరు దారిలో బండి అలంకారం

పలమనేరు ప్రాంతంలో బండిని ముస్తాబు చేయడం మోటారు రాకకు ముందే ఉంది. చిత్తూరు నుంచి బెంగళూరు వైపు పోయే బాట మొగిలి కనుమ ఎక్కి పలమనేరు మిట్టకు చేరుతుంది. ఎద్దుల బండ్ల కాలంలో మెడలో మువ్వలు, కొమ్ములకు ఇత్తడి కుప్పెలు, నుదుట గవ్వల పేట ఉంటేనే జోడు నిండుగా ఉన్నట్టు. మువ్వల చప్పుడు చీకట్లో ఎదుటి బండివాడికి హెచ్చరిక కూడా. కనుమ పండుగకు కొమ్ములకు రంగులు వేసే ఆచారం ఉమ్మడి చిత్తూరు జిల్లాలో ఇప్పటికీ చెదరలేదు. చంద్రగిరి మండలం రంగంపేట పశువుల పండుగలో కొమ్ములకు కట్టే పలకల మీద దేవుళ్ల పక్కనే సినిమా నటులు, రాజకీయ నాయకులు కనిపిస్తారు. కారు వెనకద్దం మీద హీరో బొమ్మను చూసి ముఖం చిట్లించేవారికి ఈ పలకలు తెలిస్తే, అది నిన్నమొన్నటి వెర్రి కాదని అర్థమవుతుంది.

మోటారు యుగంలో ఈ అలవాటుకు మొదటి చోటు లారీ. టాటా సంస్థ 1954లో జర్మనీ కంపెనీతో కలిసి లారీల తయారీ మొదలుపెట్టింది. మద్రాసు దగ్గరి ఎన్నూరులో అశోక్ మోటార్స్ 1955లో అశోక్ లేలాండ్ అయింది. కంపెనీ ఇచ్చేది ఎక్కువగా ఇంజనూ చక్రాలూ ఉన్న చాసిస్ మాత్రమే. దాన్ని కొన్నవాడు బాడీ షెడ్డుకు తోలుకుపోయి క్యాబిన్, తొట్టి కట్టించుకోవాలి. విజయవాడ ఆటోనగర్, తమిళనాడులోని నామక్కల్, తిరుచెంగోడు ఈ పనితోనే పేరు తెచ్చుకున్నాయి. అంటే లారీకి సొంత రూపు ఇవ్వడం తయారైన బండిని మార్చడం కాదు, తయారీలో మిగిలిన సగం. వడ్రంగి, కమ్మరి, రంగుల పనివాడు ముగ్గురూ యజమాని ఎదుటే పనిచేసేవారు. తొట్టి ఎత్తు ఎంత, నుదుటి పలక మీద ఏ దేవుడు, పక్కన ఏ పిల్లల పేర్లు అన్నది వాళ్ల మధ్య మాటల్లోనే తేలేది.

పలమనేరు ఆంధ్ర, కర్ణాటక, తమిళనాడు కలిసే మూలకు దగ్గర. పాత 4వ నంబరు జాతీయ రహదారి ఈ ఊరి మీదుగానే పోయేది. 2010లో నంబర్లు మార్చాక 69, 42 నంబర్ల రహదారులు ఇక్కడ కలుస్తున్నాయి. అందుకే మూడు భాషల రాతలు, మూడు రకాల బాడీ పనితనం ఈ ఒక్క రోడ్డు మీద కనబడతాయి. ముందు అద్దం పైన ఏడుకొండలవాడో కాణిపాకం వినాయకుడో, బంపరుకు నిమ్మకాయ పచ్చిమిరపకాయల దండ, అద్దాల పక్కన నల్ల కుచ్చులు, వెనక నాలుక చాచిన దిష్టి బొమ్మ. అప్పు మీద తెచ్చిన లారీ, కంతు తప్పితే ఫైనాన్సువాళ్లు పట్టుకుపోయే లారీ, మలుపుల కనుమలో బ్రేకు మీదే ప్రాణం పెట్టుకుని దిగే లారీ ఇది. దానికి కట్టిన ప్రతి కుచ్చులోనూ ఆ భయం ఉంది. అందచందాల కొలతతో మాత్రమే చూస్తే ఇందులో ముఖ్యమైనది కంటికి ఆనదు.

కారు విషయం వేరు. అంబాసిడర్ల రోజుల్లో కారున్న ఇల్లు ఊరికి ఒకటో రెండో. కిటికీలకు తెరలు, సీట్లకు తువ్వాళ్లు, డ్యాష్‌బోర్డు మీద దేవుడి బొమ్మ, ప్లాస్టిక్ పూలు ఉంటే చాలు. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చాక చాలా ఇళ్ల ముందు ఒకే అచ్చులో పోసినట్టున్న కార్లు నిలబడ్డాయి. లారీ యజమానికి బాడీ షెడ్డులో దొరికిన అవకాశం కారు యజమానికి ఫ్యాక్టరీ ఇవ్వలేదు. ఆ లోటును తీర్చినవి స్టిక్కరు దుకాణాలు. జనం నోట వాటి పేరు ‘రేడియం షాపు’. ఒకప్పుడు గడియారపు ముళ్లకు పూసిన అసలు రేడియం తనంతట తానే వెలుగును పుట్టించేది. ఈ స్టిక్కరు మాత్రం తన మీద పడిన వెలుగును తిప్పికొడుతుంది, అంతే. వెనక రెక్కలు, తళతళలాడే చక్రాల మూతలు, రివర్సు గేరు వేస్తే పాట పాడే హారన్లు వరుసగా వచ్చాయి.

1994లో టాటా సుమో, 2002లో మహీంద్రా స్కార్పియో రావడంతో పెద్ద బండి హోదాకు గుర్తయింది. 1999 నాటి ‘సమరసింహారెడ్డి’ తర్వాత వరుసకట్టిన ఫ్యాక్షన్ సినిమాలు రాయలసీమను, సుమోల బారును విడదీయరాని జంటగా చూపించాయి. నల్ల అద్దాలు, ముందు లావుపాటి ఇనుప గార్డు, బానెట్ మీద జెండా కడ్డీ ఉంటే లోపలున్నవాడు పెద్దమనిషి అనిపించే కాలం అది. సీమ బతుకులో ఒక ముక్కను పట్టుకుని తెర చేసిన ఈ బొమ్మను సీమ కుర్రాళ్లే మళ్లీ తమ బండ్లకు తగిలించుకోవడం బాధ కలిగించే సంగతి.

నిజమైన హాని కూడా ఈ దశలోనే మొదలైంది. ఢీకొన్నప్పుడు కారు ముందు భాగం నలిగి దెబ్బను తనలోకి తీసుకోవాలి. ఇనుప గార్డును నేరుగా చాసిస్‌కు బిగిస్తే ఆ దెబ్బ లోపలి మనుషుల దాకా పోతుంది, గాలి సంచులు విచ్చుకునే లెక్క కూడా తప్పవచ్చు. దారిన పోయేవాడికి ఆ కడ్డీలే గండం. కనుమ మలుపులో ఎదుటి డ్రైవరు కళ్లు చెదరగొట్టే ఫోకస్ లైట్లు, మూతి కోసిన సైలెన్సర్లు ఇదే కోవలోవి.

చట్టం రంగు బాగుందా, బొమ్మ బాగుందా అని అడగలేదు. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ తయారీదారు నిర్దేశించిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదంటుంది. ఈ కచ్చితమైన మాట 2000 నాటి సవరణతో చేరింది. పలు స్వరాల హారన్లను 1989 నిబంధనలు నిషేధించాయి. ముందూ వెనకా అద్దాల గుండా 70 శాతం, పక్క అద్దాల గుండా 50 శాతం వెలుతురు పోవాలన్నదీ వాటిలోదే. 2012 ఏప్రిల్ 27న సుప్రీంకోర్టు అద్దాలకు నల్ల ఫిల్మ్ అంటించడాన్ని నిషేధించింది. 2017 మే 1 నుంచి మంత్రుల కార్ల మీది ఎర్ర బుగ్గలు కూడా దిగిపోయాయి. అదే ఏడాది డిసెంబరులో ముందు గార్డుల మీద చర్య తీసుకోవాలని కేంద్ర రవాణా శాఖ రాష్ట్రాలకు రాసింది. 2019 సవరణ చట్టం ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు.

నిమ్మకాయల దండ, కుచ్చులు, పిల్లల పేర్లు మాత్రం ఈ మార్పులన్నిటినీ దాటి నిలిచాయి. కొత్త బండిని పూజకు కాణిపాకం తోలుకుపోవడమూ మానలేదు. ఇక రాత్రిపూట కనపడటానికి సరుకు బండ్లకు ముందు తెలుపు, పక్కల పసుపు, వెనక ఎరుపు మెరుపు పట్టీలు అంటించాలని నిబంధన వచ్చింది. లారీవాళ్ల మాటలో ఆ పట్టీ కూడా రేడియమే.