కిస్‌పెప్టిన్: చాక్లెట్ ఊరి నుంచి వచ్చిన పేరు

అమెరికాలోని పెన్సిల్వేనియాలో హెర్షీ అనే ఊరుంది. అక్కడి చాక్లెట్ కంపెనీ చేసే చిన్న చాక్లెట్లను 'కిసెస్' అంటారు. 1996లో ఆ ఊరి వైద్య కళాశాల పరిశోధకులు, మెలనోమా క్యాన్సర్ ఇతర అవయవాలకు పాకకుండా అణచే జన్యువును కనిపెట్టారు. అణచివేతను సూచించే 'ఎస్ఎస్' అక్షరాలకు ముందు 'కెఐ' చేర్చి, ఊరి చాక్లెట్‌కు గౌరవంగా 'కిస్-1' అన్నారు. ఆ జన్యువు తయారుచేసే పెప్టైడే కిస్‌పెప్టిన్. ముద్దుకూ యౌవనానికీ ముడిపెట్టి పెట్టిన పేరనిపిస్తుంది గానీ, ఆ సంబంధం అప్పటికి ఎవరికీ తెలియదు.

అది 2003లో తేలింది. ఈడొచ్చినా శరీరంలో మార్పులు రాని కొందరిలో, కిస్‌పెప్టిన్‌ను అందుకునే గ్రాహకం చెడి ఉందని ఫ్రాన్స్, అమెరికా బృందాలు విడివిడిగా గుర్తించాయి. మెదడులోని హైపోథాలమస్‌లో కిస్‌పెప్టిన్ కదిలిస్తేనే జీఎన్‌ఆర్‌హెచ్ అనే హార్మోన్ విడతలు విడతలుగా విడుదలవుతుంది. దానితో పిట్యూటరీ గ్రంథి మేలుకొని అండాశయాలనో వృషణాలనో పనిలోకి దింపుతుంది. ఈస్ట్రోజెన్, టెస్టోస్టెరాన్ ఆ తర్వాతి సంగతి. ఎంత అద్భుతమైన వరుస!

మనం 'పెద్దమనిషి అయింది' అని తొలి నెలసరి నాడు అంటాం. రొమ్ములు మొగ్గతొడగడం మొదలైన సుమారు రెండేళ్ళకు గానీ ఆ రోజు రాదు. మగపిల్లల మార్పుకైతే ఇళ్ళలో అలాంటి మాటే వినబడదు. మీసాలొచ్చాయి, గొంతు మారింది అనడమే. వాళ్ళలోనూ మొదట కదిలేది కిస్‌పెప్టినే.