చేతులెత్తని గోడ

పొద్దటి షిఫ్టుకు బొగ్గు బాయి మీదికి వచ్చిన మనిషి ముందు మస్టర్ పడతాడు. ల్యాంప్ రూమ్‌లో తన నంబరు దీపం అందుకుని, బ్యాటరీని బెల్టుకు బిగించుకుంటాడు. ఏటవాలుగా కిందికి దిగే ఇంక్లైన్ నోటి దగ్గర ఆగి, ఎవరూ అడగకముందే చేతులు రెండూ పైకెత్తుతాడు. అక్కడున్న మనిషి చొక్కా జేబు, లాగు జేబు, నడుం చుట్టూ తడిమి చూస్తాడు.

“ఏమన్న ఉన్నయా కాకా?”

“ఏముంటయి బిడ్డా, అన్నీ బయటనే పెట్టిన.”

కాకా చీకట్లోకి దిగిపోతాడు.

ఆ తడమడం బీడీ కోసం, చుట్ట కోసం, అగ్గిపెట్టె కోసం. వీటిలో ఏదీ కిందికి పోకూడదు. అనుభవమున్న కార్మికుడు తన బీడీ కట్టను గోడ సందులోనో, సైకిల్ సీటు కిందనో దాచి వస్తాడు. ఎనిమిది గంటలు దాని మీదే ప్రాణం. పైకొచ్చాక ఒళ్లు కడుక్కోకముందే చెయ్యి మొదట వెతికేది దాన్నే.

ఈ సోదాను వెక్కిరించడానికి లేదు. బొగ్గులోంచి ఊరే మీథేన్ గాలిలో 5 నుంచి 15 శాతం మధ్య కలిసిందంటే ఒక్క నిప్పురవ్వ చాలు. 1965 మేలో, ఇప్పటి జార్ఖండ్‌లోని ధోరి గనిలో పేలుడు జరిగి 268 మంది పోయారు. భూమి కింద నిప్పు ఏం చేయగలదో చూసిన లోకం పెట్టుకున్న కాపలా ఇది. కాకా చేతులెత్తేది అలా చనిపోయిన ఎందరో మనుషుల లెక్క మీద.

ఈ గాథ ఆ కాపలా గురించి కాదు, అది చూడని వైపు గురించి.

గోదావరిఖని పేరులోనే నదీ గనీ రెండూ ఉన్నాయి. ఊరు పక్కన గోదావరి పారుతుంది. ఊరి కింద బొగ్గు పొరలు ఏటవాలుగా లోలోపలికి దిగుతూ పోతాయి. 1960ల నుంచి ఇక్కడ ఒక్కో ఇంక్లైన్ తెరుచుకుంటూ వచ్చింది. ఎక్కడెక్కడి పల్లెల నుంచో మనుషులు బొగ్గు ఎత్తే తట్టా చెమ్మాస్ పట్టుకోవడానికి వచ్చి, లేబర్ క్వార్టర్లలో స్థిరపడి, కొడుకుల్ని చదివించుకున్నారు. 1990ల తొలినాళ్లలో ఈ గనుల్ని నడిపే సింగరేణి సంస్థ మొత్తం మీద లక్షా పది వేల మందికి పైగా పనిచేసేవారు.

ఆ కొడుకుల్లో కొందరు బాయి దిగలేదు, విమానం ఎక్కారు. దుబాయికి, మస్కట్‌కు, తర్వాత అమెరికాకు. విమానమంటే ఇక్కడివాళ్లకు ఎరుగని వస్తువేమీ కాదు. 1980లలో దగ్గర్లోని బసంత్‌నగర్ చిన్న రన్‌వే మీద వాయుదూత్ విమానాలు దిగేవి. కొడుకును సాగనంపడానికి బేగంపేటకో, 2008 తర్వాత శంషాబాద్‌కో పోయిన తండ్రి అద్దాల అవతల ఒక దృశ్యం చూస్తాడు. బూట్లు విప్పి, బెల్టు తీసి, ట్రేలో పెట్టి, కొడుకు చేతులు రెండూ చాపి నిలబడతాడు. తడిమి చూసేది సీఐఎస్‌ఎఫ్ జవాను. రామగుండం ఎన్టీపీసీ గేటు దగ్గర కనిపించే యూనిఫారమే అక్కడా ఉంటుంది. ముప్పై ఏళ్లు రోజూ అలాగే చేతులెత్తిన తండ్రికి ఎవరూ ఏమీ వివరించనక్కర్లేదు.

ఇలా తడిమితే నిజంగా ప్రాణం తీసేది దొరుకుతుందా అన్న ప్రశ్న ఆ అద్దం దగ్గరా ఉంది, ఈ ఇంక్లైన్ దగ్గరా ఉంది.

విమానాశ్రయాల సంగతే ముందు చూద్దాం. 1985 జూన్ 23న ఎయిరిండియా కనిష్క విమానం ఐర్లండ్ తీరానికి దూరంగా ఆకాశంలోనే పేలిపోయి 329 మంది చనిపోయారు. బాంబు ఉన్న సూట్‌కేసు వాంకూవర్‌లో ఎక్కింది, దాన్ని ఇచ్చిన మనిషి మాత్రం ఎక్కలేదు. టొరంటోలో ఎక్స్‌రే యంత్రం మధ్యలో చెడిపోతే మిగిలిన సంచులను చేతి పరికరంతో చూసి పంపేశారు. ఎక్కిన ప్రయాణికులందరినీ ఎంత తడిమినా ఆ రోజు దొరికేదేమీ లేదు. ప్రమాదం మనిషి లేని పెట్టెలో ఉంది.

ఆ తర్వాత, మనిషి ఎక్కకపోతే అతని పెట్టె కూడా ఎగరకూడదన్న నియమం బిగిసింది. 2001లో ఒకడు బూటులో పేలుడు పదార్థం దాచాక లోకమంతా బూట్లు విప్పింది. 2006లో ద్రవ పేలుడు కుట్ర బయటపడ్డాక నీళ్ల సీసాలు చెత్తబుట్టలో పడ్డాయి. 1999 డిసెంబరులో కాఠ్‌మాండూ నుంచి బయల్దేరిన ఐసీ-814ను కాందహార్‌కు మళ్లించాక, 2000 ఫిబ్రవరిలో జైపూర్‌తో మొదలుపెట్టి మన విమానాశ్రయాల కాపలా సీఐఎస్‌ఎఫ్ చేతికి వచ్చింది. ప్రతి తనిఖీ వెనకా ఒక పాత గాయం ఉంది. అమెరికాలో ప్రభుత్వమే మారువేషంలో మనుషుల్ని పంపి ఈ తనిఖీలను పరీక్షిస్తే, 70 ప్రయత్నాల్లో 67 సార్లు నకిలీ బాంబులో ఆయుధాలో దాటిపోయాయని 2015లో వెల్లడైంది. అయినా రోజూ వరుస కదులుతూనే ఉంటుంది. వరుసను చూసి దొంగ జంకుతాడు, ప్రయాణికుడు ధైర్యపడతాడు. ఆ ధైర్యంలో నిజమెంతో, అలవాటెంతో విడదీయడం కష్టం.

బాయిలోనూ అంతే. అయితే బాయిలో మనిషిని చంపేది నిప్పు ఒక్కటే కాదు. కప్పు ఉంది, నీళ్లు ఉన్నాయి. ఒక్కోదానికి ఒక్కో తనిఖీ. గ్యాసు కోసం, లోపలి భద్రత చూసే సర్దార్ సేఫ్టీ ల్యాంపు మంటను చూసేవాడు. మీథేన్ ఉంటే మంట మీద నీలిరంగు టోపీ లేచేది. 1.25 శాతం దాటిందంటే మనుషుల్ని వెనక్కి పిలవాలి. కప్పు కోసం కర్రతో తట్టి చూస్తాడు. గట్టి కప్పు గణగణమంటుంది, పొర విడిన కప్పు బోలుగా పలుకుతుంది. ఈ విద్య చెవికి రావడానికి ఏళ్లు పడుతుంది.

నీళ్లకు మంట లేదు, మోత లేదు.

బొగ్గు తీసి వదిలేసిన పాత పనుల్లోకి నేల ఊట చేరుతుంది. పంపు ఆగిన చోట నెలకింత, ఏడాదికింత పేరుకుంటుంది. పొర ఏటవాలు కాబట్టి నీళ్లన్నీ పల్లానికి దిగి అడ్డంగా ఉన్న బొగ్గు గోడను ఆనుకుని నిలుస్తాయి. పది మీటర్ల ఎత్తున నీళ్లు నిలిస్తే గోడ అడుగున ప్రతి చదరపు మీటరు మీద పది టన్నుల బరువు పడుతుంది. ఇవతల పనిచేసే మనిషికి కనిపించేది నల్లటి గోడ ఒక్కటే. మహా అయితే కాస్త చెమ్మ, ఒక ధార. చెమ్మ లేని బాయి ఎక్కడుంది గనక?

నీళ్లను పట్టుకోవడానికి ఉన్న తనిఖీ ఒకటే. ముందుకు పొడవాటి బోరు వేసి చూడాలి. 1957 బొగ్గు గనుల నిబంధనలు దీన్ని తేటగా రాశాయి. వదిలేసిన పాత పనులకు 60 మీటర్ల లోపుకు పని వచ్చిందంటే అనుమతి తీసుకోవాలి. బొగ్గు తవ్వే మొహానికి ముందు కనీసం 3 మీటర్లు బోరు ఎప్పుడూ నడుస్తుండాలి. పక్కలకూ వేయాలి. నీళ్లుంటే అవి మనిషి మీదికి రాకముందే బోరులోంచి చిమ్మి, తామున్నామని చెప్పేస్తాయి.

ఆ బోరు ఎప్పుడు, ఎటు వేయాలో చెప్పేది మ్యాపు. పాత పని ఎక్కడిదాకా సాగిందో, గోడ మందం ఎంత మిగిలిందో, ఎప్పుడో సర్వే చేసినవాడు గీసిన గీత చెప్పాలి. గీత ఒక అంగుళం అటూ ఇటూ జరిగితే కింద మీటర్లకు మీటర్లు మాయమవుతాయి. కాకా జేబు తడమడానికి అర నిమిషం చాలు. గోడను తడమాలంటే డ్రిల్లు కావాలి, సర్వే కావాలి, పని ఆపే ఓపిక కావాలి, ఆపిన రోజు తగ్గే బొగ్గుకు ఎవరో జవాబు చెప్పాలి. మనిషి తనంతట తానే చేతులెత్తుతాడు. గోడ చేతులెత్తదు.

దేశానికి ఈ సంగతి తెలియక కాదు. 1975 డిసెంబరు 27న ఝరియా ప్రాంతంలోని చాస్‌నాలా గనిలోకి నీళ్లు విరుచుకుపడి 375 మంది మునిగిపోయారు. 1995లో గస్లిటాండ్‌లో 64 మంది. 2001 ఫిబ్రవరి 2న బాగ్‌డిగిలో 29 మంది, అదీ పక్క గని నీళ్లే. నీళ్ల లెక్క కూడా నిప్పు లెక్కంత పెద్దదే. గేటు దగ్గర నిప్పును మాత్రమే వెతుకుతారు, ఎందుకంటే జేబులో పట్టేది అదొక్కటే.

2003 జూన్. మిరుగం వచ్చి వారం దాటింది. పల్లెల్లో రైతులు నీళ్ల కోసం మబ్బుల వైపు చూసే రోజులు. 16వ తేదీ, సోమవారం. గోదావరిఖనిలోని సెవెన్ ఎల్‌ఈపీ గని మీద ఆ రోజు షిఫ్టు ఎప్పటిలాగే దిగింది. లోపల, పాత పనుల్లో నిలిచిన నీళ్లు అడ్డు తెంచుకున్నాయి.

నీళ్లకు బాయిలో దారి వెతుక్కోవలసిన పని లేదు. మనిషి తవ్వుకున్న దారులే వాటికీ దారులు. బొగ్గు ఎటు దిగితే నీళ్లు అటు దిగుతాయి, బొగ్గు వెంట మనుషులుంటారు. ఎదురెక్కి పరిగెత్తడానికి చీకట్లో ఏటవాలు. దీపం ఉన్నా దారి ఉండదు. ఏళ్ల పాటు చేతులెత్తని గోడ ఆ రోజు చేతులెత్తేసింది. 17 మంది పైకి రాలేదు.

బాయిలో ఏదైనా జరిగితే కార్మికవాడకు ఎవరూ కబురు పంపనక్కర్లేదు. షిఫ్టు వదిలే వేళ దాటినా సందులో సైకిల్ గంట మోగకపోతే ఆడవాళ్లు గడప దిగుతారు. ఒకరిని చూసి ఒకరు నడక పెంచుతారు. బాయి మీద గుంపు కడతారు. కింద ఎంతమంది ఉన్నారో మొదట తెలిసేది ల్యాంప్ రూమ్‌లో. తిరిగి రాని దీపాలెన్నో ఖాళీ గళ్లు చెప్తాయి. మస్టర్ కాగితం పేర్లు చెప్తుంది. గేటుకు తన మనుషుల లెక్క ఎప్పుడూ తప్పదు. దిగిన ప్రతివాడి పేరూ, నంబరూ, జేబూ దానికి తెలుసు. గోడ అవతల ఎన్ని నీళ్లున్నాయో ఒక్కటే దాని పుస్తకంలో లేదు.

1989లో రాణిగంజ్‌లోని మహాబీర్ గనిలోకి నీళ్లు వచ్చినప్పుడు చిక్కుకున్న 71 మందిలో 65 మందిని ఇనుప గొట్టం లాంటి బుట్టలో బోరులోంచి ఒక్కొక్కరినే పైకి లాగారు. అక్కడ నీళ్లు మనుషులకు కాస్త ఎత్తైన చోటు మిగిల్చాయి. గోదావరిఖనిలో ఆ 17 మందికి అలాంటి చోటు దొరకలేదు.

నాలుగు నెలలు గడిచాయి. అక్టోబరు 16న అదే గోదావరిఖనిలో, ఎయిట్ ఏ గనిలో కప్పు కూలి 10 మంది పోయారు. తేదీ కూడా 16 కావడంతో జూన్‌లో ఏడ్చిన వాడలు మళ్లీ ఉలిక్కిపడ్డాయి. కర్రతో తట్టి వినే విద్య వందేళ్ల పాతది. ఆ విద్య ఉన్నచోటే కప్పు కూలింది.

అప్పటి నుంచి చాలా మారింది. ఇంక్లైన్లు మూతపడుతున్నాయి, ఓపెన్‌కాస్టు గోతులు వెడల్పవుతున్నాయి. లక్షా పది వేలున్న మనుషులు దాదాపు నలభై వేలకు దిగారు. తట్టా చెమ్మాస్ అంటే ఏమిటో ఇప్పటి పిల్లలకు చెప్పాలి. 1957 నిబంధనల స్థానంలో 2017లో కొత్తవి వచ్చాయి. గ్యాసును ఇప్పుడు యంత్రం కొలుస్తుంది, కప్పు కదలికను సెన్సార్లు కనిపెడతాయి. అయినా 2022 మార్చిలో అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో కప్పు కూలి ముగ్గురు చనిపోయారు. వారిలో ఒకరు ఆ ఏరియా భద్రత చూసే అధికారి. తనిఖీ చేసే మనిషిని కూడా బాయి విడిచిపెట్టలేదు.

శంషాబాద్ అద్దం దగ్గరి ప్రశ్నకు గోదావరిఖని చెప్పే జవాబు సోదా వద్దని కాదు. జేబు తడమని బాయిలోకి ఏ సర్దారూ దిగడు, దిగనివ్వడు. దొరికిన బీడీలను లెక్కపెట్టి బాయి భద్రంగా ఉందనుకోవడమే తప్పు. సోదాకు సులువుగా లొంగేది మనిషి. అందులోనూ కింద పనిచేసే మనిషి. ఎత్తమన్నప్పుడల్లా చేతులెత్తుతాడు కాబట్టి మళ్లీ మళ్లీ అతన్నే చూస్తాం. గోడనూ, మ్యాపునూ, మనిషి లేని పెట్టెనూ చూడటానికి ఖర్చవుతుంది, పని ఆగుతుంది, పైవాళ్లను అడగాల్సి వస్తుంది.

2003 జూన్ 16న ఆ 17 మంది కూడా గేటు దగ్గర ఆగే ఉంటారు. చేతులెత్తే ఉంటారు. వాళ్ల జేబుల్లో ఏమీ లేకపోయి ఉంటుంది. వాళ్లలో బీడీ అలవాటున్నవాడు పొద్దున ఎక్కడో గోడ సందులో కట్ట దాచి దిగి ఉంటే, సాయంత్రానికి అది అక్కడే ఉంటుంది. అలాంటి కట్ట కనబడితే బాయి మీద ఎవరూ ముట్టుకోరు. అది ఒకరిదని అందరికీ తెలుసు.