పదుల జత, సికింద్రాబాద్ క్లబ్బు, ఎవరూ చదవని వాక్యం

మా మార్కాపురంలో సంక్రాంతి వచ్చిందంటే పేకాట లేని వీధి ఉండేది కాదు. నాకు రమ్మీ నేర్పింది మా మామ. పలకల వ్యాపారం ఆయనది. మొదటి పాఠం ఒక్కటే: "ముక్కలు బాలేకపోతే ఇరవైకి డ్రాపు కొట్టి లేరా. ఆశకి పోయి ఎనభై కట్టొద్దు."

ఇంజనీరింగ్ అయ్యాక ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కి బెంగళూరు చేరితే, అక్కడ రూమ్మేట్లు పోకర్ అంటించారు. 2023 అంతా ఫోన్లో వంద రూపాయల టోర్నమెంట్లు ఆడాను. నన్ను ముంచింది చెత్త ముక్కలు కాదు, తొమ్మిదుల జత, పదుల జత లాంటివి. తెలియనివాళ్ల కోసం: ఈ ఆటలో చేతికి రెండు ముక్కలే వస్తాయి, తర్వాత అందరికీ కలిపి టేబుల్ మీద ముందు మూడు తెరుస్తారు. చేతికి జత రావడం పదిహేడు ఆటల్లో ఒకసారి. పదుల జత వస్తే ఎంత ముద్దుగా ఉంటుందో! కానీ ఆ మూడు ముక్కల్లో జాకీ, రాణి, రాజు, ఆసుల్లో కనీసం ఒకటి పడే అవకాశం దాదాపు 69 శాతం. తొమ్మిదులైతే 79. మూడో పది పడేది 12 శాతం లోపే.

చిన్న టోర్నమెంట్లలో ఇంకో చిక్కుంది. ఎవడూ వదలడు. ఒక్కడి మీదైతే పదుల జత నాలుగింట మూడుసార్లు గెలుస్తుంది. నలుగురు చివరిదాకా వస్తే సగం కూడా గెలవదు. అందుకే ముందే గట్టిగా పెంచి జనాన్ని తగ్గించాలి. అయినా పెద్ద ముక్క పడి, అవతలివాడు ఒత్తిడి పెడితే పారేయాలి. మన దగ్గర చిప్స్ బాగా తగ్గిపోయాయా, అప్పుడు ఆలోచన లేదు, ముందే మొత్తం పెట్టేయడమే. ఇదంతా నేర్చుకోవడానికి నాకు ఆర్నెల్లు పట్టింది. తీరా చూస్తే మామ చెప్పిన డ్రాపే ఇది.

మరి ఇది నైపుణ్యమా, అదృష్టమా? ఈ ప్రశ్నకి దేశమంతా వాడే జవాబు మన సికింద్రాబాద్ నుంచే వెళ్లింది. 1963లో అక్కడి క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బు మీద పోలీసులు దాడి చేశారు. నిజాం కాలం నాటి హైదరాబాద్ జూద చట్టం కింద మేజిస్ట్రేటు శిక్ష వేస్తే, హైకోర్టు కొట్టేసింది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకి వెళ్లింది. (అప్పటికి మా మార్కాపురం ఇంకా కర్నూలు జిల్లాలోనే ఉంది, ఒంగోలు జిల్లా వచ్చింది 1970లో.) 1967 నవంబరు 22న జస్టిస్ హిదయతుల్లా తీర్పు రాశారు. మూడు ముక్కలాట పూర్తిగా అదృష్టం, రమ్మీ అలా కాదు, పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది పారేయాలో తెలియాలి, అదంతా నైపుణ్యమే అన్నారు. ఆంధ్రప్రదేశ్ 1974లో చేసిన గేమింగ్ చట్టంలో కూడా నైపుణ్యం ఆటలకి మినహాయింపు ఇచ్చారు.

ఆన్‌లైన్ రమ్మీ, పోకర్ ప్రకటనల్లో ఈ తీర్పుని ఎన్నిసార్లు వాడుకున్నారో లెక్కలేదు. కానీ అదే తీర్పులో ఇంకో మాట ఉంది: డబ్బు పెట్టి ఆడే ఆట మీద ఇంటి యజమానో క్లబ్బో లాభం తీస్తుంటే, అది రమ్మీ అయినా సరే, నేరం కావచ్చు అని. ముక్కలకీ సదుపాయాలకీ క్లబ్బు మామూలుగా తీసుకునే ఛార్జీని కోర్టు తప్పు పట్టలేదు. కంపెనీలు తమ వాటా కూడా అలాంటి సర్వీసు ఫీజే అనేవి. నాకు మాత్రం అసలు గొడవంతా ఇక్కడే ఉందనిపిస్తుంది. ముక్కల పెట్టె ఖరీదు వేరు, ప్రతి ఆటలో పదో వంతు వేరు.

నా ఎక్సెల్ షీటు చెబుతా. 180 టోర్నమెంట్లు, కట్టింది 18,000. ప్రతి వందలో పది ఆట పెట్టినవాడిది, అంటే 1,800 అక్కడికే పోయింది. నాకు తిరిగొచ్చింది 16,900. అంటే తోటి ఆటగాళ్ల మీద నేను 700 గెలిచాను, జేబులోంచి మాత్రం 1,100 పోయింది! పదుల జతని సరిగ్గా ఆడి సంపాదించిన నైపుణ్యం ఎవరికి చేరిందో చూశారుగా :)

తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో డబ్బు పెట్టే ఆన్‌లైన్ ఆటల్ని ఆపేశాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టమైతే నైపుణ్యమా కాదా అన్న తేడానే పక్కన పెట్టి, ఆన్‌లైన్‌లో డబ్బాటలన్నిటినీ నిషేధించింది. నా ఎకౌంట్లో ఉన్న చిల్లర వెనక్కి తీసుకున్నాను.

అన్నట్టు, ఆ రోజుల్లో ఒకసారి ఊరెళ్లినప్పుడు మామకి ఆ ఆప్ చూపించాను. పోకర్ అంటే ఏంటో కూడా అడగలేదాయన. "ఆట పెట్టినోడు ఎంత తీసుకుంటాడ్రా?" అన్నాడు. పది శాతం అన్నాను. ఫోన్ నా చేతికిచ్చేసి, మంచం మీద దుప్పటి సర్ది ముక్కలు కలపడం మొదలుపెట్టాడు.