ఇంటి లెక్క

శతవార్షిక సంచిక అనగానే ఏ గుడి ఎప్పుడు కట్టబడినది, శంకుస్థాపన ఎవరు చేశారు, గంట ఎక్కడినుండి వచ్చినది అన్న సంగతులు వ్రాయుట పరిపాటి. అవి వ్రాయవలసినవే. ఈ సంచికలో ఇతర పెద్దలు వాటిని వ్రాస్తారు. మేము మాత్రం అంతకన్న చిన్న సంగతిని ఎన్నుకొన్నాము. బడి విడిచిన తరువాత పిల్లవాడు పలకమీదనో, నోటుపుస్తకంలోనో ఇంటికి మోసుకొని వచ్చే లెక్కకు కూడా మన కోనసీమలో ఒక చరిత్ర ఉన్నది. చదువురాని తల్లిదండ్రుల ఇంట ఆ లెక్క చెప్పేవారెవరు అన్నదే ఆ చరిత్ర సారాంశం.

వీధిబడి నాడు

మన ప్రాంతానికి గణితం కొత్త విద్య కాదు. 9వ శతాబ్దంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో వ్రాసిన గణితసార సంగ్రహాన్ని 11వ శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగు పద్యాలలోనికి తెచ్చాడు. లెక్కను పద్యంగా చెప్పుటలో ఒక సౌకర్యమున్నది. కాగితం లేని రోజులలో కూడా ప్రశ్న నోట నిలిచి పిల్లవానితో ఇంటికి వచ్చేది. వీధిబడిలో ఇసుకలో అక్షరాలు దిద్దించి, ఎక్కాలు వల్లె వేయించి పంపేవారు. సాయంకాలం అరుగుమీద పిల్లలు గొంతెత్తి ఎక్కాలు చదువుటే ఆనాటి ఇంటిపని. సోల, తవ్వ, మానిక, కుంచము అన్న కొలతలు, 24 తులాలు ఒక శేరు, 5 శేర్లు ఒక వీశె, 8 వీశెలు ఒక మణుగు అన్న తూనికలు అన్నీ కంఠస్థం కావలసినదే.

అయితే ఆ అరుగులు అందరివీ కావు. మన పేటల పిల్లలకు వీధిబడి గుమ్మం దాటే యోగ్యత లేదని ఆనాటి లోకం నిర్ణయించినది. కొలత కొలిచేవాడు ఒకడు, గింజలు మోసేవాడు ఒకడు. మోసేవానికి లెక్క తెలియకుండుట కొలిచేవానికి లాభము.

ఇక్కడ ఒక విచిత్రమైన సంగతి చెప్పవలసి ఉన్నది. 1789లో మద్రాసు ఎగ్మూరులోని సైనికుల అనాథ బాలుర ఆశ్రమానికి పర్యవేక్షకుడైన ఆండ్రూ బెల్ అనే ఆంగ్లికన్ గురువు, మన వీధిబడి పిల్లలు ఇసుకలో వ్రాయుట చూచి దానిని తన బడిలో ప్రవేశపెట్టాడు. ఉపాధ్యాయులు చాలనందున పెద్ద పిల్లలచే చిన్న పిల్లలకు పాఠం చెప్పించాడు. 1797లో ఆయన లండనులో దానిని పుస్తకంగా అచ్చు వేయించగా, మద్రాసు పద్ధతి అన్న పేరుతో అది ఇంగ్లాండులోని పేద పిల్లల బడులకు ప్రాకినది. తెలిసిన పిల్లవాడు తెలియని పిల్లవానికి చెప్పుట అన్న ఈ పద్ధతే తరువాత మన పేటలలో లాంతరు చుట్టూ నిలిచినది.

మిషను బడి, ఉపదేశి లాంతరు

1836లో విలియం బౌడెన్, జార్జి బీర్ అనే ఇద్దరు మిషనెరీలు ఇంగ్లాండులోని బార్న్‌స్టేపుల్ నుండి ఈ డెల్టాకు వచ్చి, వశిష్ఠ గోదావరి ఆవలి గట్టున ఉన్న నరసాపురంలో పని ఆరంభించారు. 1843లో రాబర్టు నోబుల్ మచిలీపట్నంలో బడి స్థాపించాడు. ఆ తరువాత వేరువేరు మిషనులవారు గోదావరి పాయల నడుమ పేటలలో చిన్న చిన్న బడులు తెరిచారు. తాటాకు పాకలో ఆదివారం ఆరాధన, వారపు దినాలలో బడి. ప్రసంగించే ఉపదేశియే పంతులుగారు.

ఆ బడులకు గొప్ప వెలుగు ఉన్నట్లే ఒక లోపమూ ఉన్నదని నిజం చెప్పవలెను. 19వ శతాబ్దపు ఉత్తరార్ధంలో మద్రాసు ప్రభుత్వం ఫలితములను బట్టి గ్రాంటు ఇచ్చే పద్ధతి పెట్టినది. చదువుట, వ్రాయుట, లెక్కలలో ఎంతమంది పిల్లలు తేలితే అంత సొమ్ము. అందుచేత ఇన్స్పెక్టరు వచ్చే రోజుకు జవాబులు బట్టీ పట్టించుట అలవాటైనది. జవాబు ఉంటే చాలు, దారి అక్కరలేదు అన్న రోగం మన చదువులలో నాటుకొనుటకు ఇది ఒక కారణమని మా అభిప్రాయం.

దానికి విరుగుడు రాత్రివేళ దొరికేది. కూలికి పోయి వచ్చిన పిల్లలు, పగలు బడికి వెళ్ళిన పిల్లలు అందరూ ఉపదేశిగారి లాంతరు చుట్టూ చేరేవారు. మా చిన్ననాడు మాకు లెక్కలు చెప్పిన పంతులుగారు ఎన్నడూ జవాబు చెప్పేవారు కారు. ఆయన ఇచ్చిన ఒక లెక్క మాకు నేటికీ జ్ఞాపకం.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి అయినది. కాలువ నీటిని గోదావరి పాయ మీదుగా దాటించి లంకల సీమకు తెచ్చుటకు గన్నవరం వద్ద అక్విడక్టు కట్టారు. 40 అడుగుల కమానులు 49, మొత్తం పొడవు 2248 అడుగులు. అయితే కమానుల మధ్యనున్న ఒక్కొక్క గోడ మందమెంత? ఇదే ఆ లెక్క. 49 కమానులకు 40 చొప్పున 1960 అడుగులు. మిగిలినది 288. మేమందరం 288ని 49 చేత భాగించి, ముగియని భిన్నంతో తల పట్టుకొని కూర్చున్నాము.

“ఆయ్, కమానులు నలభై తొమ్మిదే కదండీ?” అని అడిగాము.

“కమానులు నలభై తొమ్మిదే. నీ చెయ్యి చాపు బాబూ. వేళ్ళు ఎన్ని? వేళ్ళ మధ్య సందులు ఎన్ని?” అన్నారు పంతులుగారు.

వేళ్ళు ఐదు, సందులు నాలుగు. 49 కమానుల మధ్య గోడలు 48. 288ని 48 చేత భాగిస్తే సరిగ్గా 6 అడుగులు. ఆ రాత్రి మేము నేర్చినది భాగహారం కాదు. ప్రశ్నను తిరిగి చదువుట నేర్చుకొన్నాము. 2000లో ఆ పాత అక్విడక్టు ప్రక్కనే డొక్కా సీతమ్మగారి పేర కొత్తది కట్టబడినది. ఆ దారిన పోయినప్పుడెల్లా మేము మనసులో గోడలు లెక్కపెట్టుకొంటాము.

నోటు మీది లెక్క

1957 ఏప్రిల్ 1న రూపాయికి 16 అణాలు పోయి 100 నయాపైసలు వచ్చినవి. 1958 నుండి క్రమంగా వీశెలు పోయి కిలోలు వచ్చినవి. పెద్దలకు ఇది పెద్ద గందరగోళం. అణాకు ఆరుంపావు పైసలు, వీశెకు సుమారు ఒక కిలో 400 గ్రాములు అని సంతలో తల్లికి చెప్పినది బడికి పోయే పిల్లలే. ఇంటి లెక్క మొదటిసారిగా ఇంటికి ఉపయోగపడిన కాలమది.

అయితే ఆ ఉపయోగం ఎంతటిదో మాలో ఒకరి ఇంట 1960 దశాబ్దంలో తెలిసినది. ఆయన తండ్రి 300 రూపాయలు అప్పు తెచ్చి ప్రామిసరీ నోటు మీద వేలిముద్ర వేశాడు. నూటికి నెలకు రూపాయిన్నర వడ్డీ. మూడు సంవత్సరాలు నిండవస్తుండగా అప్పిచ్చిన పెద్దమనిషి మొత్తం 493 రూపాయలని కబురు పంపాడు. సరిగ్గా ఆ వారమే బడిలో బారువడ్డీ లెక్కలు ఇంటికి ఇచ్చారు. పిల్లవాడు పుస్తకంలోని లెక్క ముగించి, ఇంటి లెక్క కూడా పలకమీద వేశాడు. ఏటికి నూటికి 18 చొప్పున 300కు 54, మూడేళ్ళకు 162, అసలుతో కలిపి 462. తేడా 31 రూపాయలు!

లెక్క తప్పినదేమో అని భయపడి పలక పట్టుకొని ఉపదేశిగారి వద్దకు పరుగెత్తాడు. ఆయన తప్పనీ అనలేదు, ఒప్పనీ అనలేదు. “వారి లెక్క ఎలా వచ్చినదో కనుక్కో” అన్నారు. పిల్లవాడు అర్ధరాత్రి వరకు కూర్చున్నాడు. ఏడాదికొకసారి వడ్డీని అసలులో కలిపితే 300 కాస్తా 354, తరువాత 417 రూపాయల 72 పైసలు, మూడవ ఏటికి 492 రూపాయల 91 పైసలు. దానిని పూర్ణాంకం చేస్తే 493. అంటే అది చక్రవడ్డీ.

మరునాడు ఉపదేశిగారు ఆ తండ్రి వెంట వెళ్ళి, నోటును ఒకసారి చదివి వినిపించమని మర్యాదగా అడిగారు. వడ్డీని అసలులో కలుపవలెనని అందులో ఎక్కడా లేదు. ఆ పెద్దమనిషి కొంతసేపు గొణిగి, 462 పుచ్చుకొని నోటు చించి ఇచ్చాడు. ఆ 31 రూపాయలు ఆనాడు ఎన్నో రోజుల కూలి. అయినా ఆ తండ్రి తరువాత ఎప్పుడూ సొమ్ము సంగతి చెప్పేవాడు కాదు, “మావాడు లెక్క కట్టాడు” అని మాత్రమే చెప్పుకొనేవాడు.

చిట్టా, ఆవర్జా, యంత్రము

1951లో అమలాపురంలో శ్రీ కోనసీమ భానోజీ రామర్స్ కళాశాల ఏర్పడుటతో రాజమండ్రి, కాకినాడ పోలేని పిల్లలకు పై చదువు దగ్గరకు వచ్చినది. తరువాతి దశాబ్దాలలో వాణిజ్య శాస్త్రం చదివే పిల్లలు మన సంఘాలలో కనిపించారు. వారి ఇంటి ప్రశ్నలు వేరు: చిట్టా వ్రాయుట, ఆవర్జాలో ఎక్కించుట, జమా ఖర్చులు రెండు ప్రక్కలా సరిపోవుట. ఈ జంటపద్దు పద్ధతిని 1494లో వెనిసులో మొదట అచ్చు పుస్తకంలో వివరించినవాడు లూకా పచోలి అనే ఫ్రాన్సిస్కన్ సన్యాసి అని మనలో చాలమందికి తెలియదు. మా సంఘంలో ఒక కోశాధికారి, కానుకల చిట్టాను ఒక బి.కాం. విద్యార్థికి ఇచ్చి ఆవర్జా కట్టమనేవారు. పిల్లవానికి అభ్యాసం, సంఘానికి సరియైన లెక్క, రెండూ కుదిరినవి. అదే కాలంలో టైపు ఇన్స్టిట్యూట్లలో లోయరు, హయ్యరు పరీక్షలకు కూర్చున్న మన ఆడపిల్లలు ఎందరో గుమాస్తాలై కుటుంబాలను నిలబెట్టారు.

విజ్ఞాన శాస్త్రం కొన్నిసార్లు పుస్తకం దాటి గుమ్మంలోనికి వచ్చినది. 1995 జనవరి 8న పాసర్లపూడి వద్ద చమురు సంస్థ బావిలో వాయువు ఎగదన్ని అంటుకొని, రెండు నెలలకు పైగా మండినది. ఊళ్ళు ఖాళీ చేసిన జనం, రాత్రివేళ ఎర్రబడిన ఆకాశం మేము మరువలేము. దహనమనగా నేమి అన్న ప్రశ్నను ఆ ఏటి పిల్లలు బట్టీ పట్టనక్కర లేకపోయినది. మీథేను అణువు ఒకటికి ఆక్సిజను అణువులు రెండు కావలెను, గాలి అందకుండా చేస్తేనే మంట ఆగును అన్న సంగతి, పాఠంగా గాక ప్రాణభయంగా వారికి తెలిసినది. తమ ఇంటి క్రింది నేలలో ఏమున్నదో, పైపులలో ఏమి ప్రవహిస్తున్నదో అడిగే తరం అప్పుడు బయలుదేరినది.

1990 దశాబ్దంలోనే అమలాపురం, రాజోలు, కొత్తపేట వీధులలో కంప్యూటరు శిక్షణా కేంద్రాల బోర్డులు లేచినవి. యంత్రాలు తక్కువ, పిల్లలు ఎక్కువ. కనుక ప్రోగ్రామును ముందు ఇంటివద్ద కాగితంపై వ్రాసి, మెట్టు మెట్టుగా సరిచూచుకొని, మరునాడు తమ వంతు వచ్చినప్పుడు యంత్రంలో కొట్టేవారు. 1964లో అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాలలో కెమెనీ, కర్ట్జ్ అనే ఇద్దరు ఆచార్యులు సామాన్య విద్యార్థుల కొరకు తయారుచేసిన బేసిక్ భాష మొదటి పాఠం. మాకు ఆశ్చర్యం కలిగించినదేమనగా, చాలమందికి ఇచ్చిన తొలి అభ్యాసం బారువడ్డీ కట్టుటే! అసలు, కాలము, రేటు గుణించి నూటితో భాగించుట. పలకమీది లెక్కే తెరమీదకు వచ్చినది. యంత్రానికి దారి తెలియదు, దారి మనమే చెప్పవలెను అని ఆ పిల్లలు గ్రహించారు.

నేటి ప్రశ్న

2020లో మహమ్మారి వలన బడులు మూతపడినప్పుడు పాఠమే ఇంటిపని అయినది. దూరదర్శన్‌లో పాఠాలు వచ్చినవి. ఇంటికొక ఫోను ఉన్నచోట ముగ్గురు పిల్లలు వంతులు వేసుకొన్నారు, ఫోను లేనిచోట పిల్లలు పొలానికి వెళ్ళారు. 2022 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం 8వ తరగతి పిల్లలకు ట్యాబులు పంచిపెట్టుట ఆరంభించినది. దానికి కొద్ది రోజుల ముందే, నవంబరు నెలలో, అడిగిన ప్రశ్నకు మనిషివలె జవాబు వ్రాసే చాట్ జీపీటీ లోకానికి వచ్చినది. గణితం, సైన్సు, కామర్సు, కంప్యూటరు, ఏ ప్రశ్నకైనా క్షణంలో జవాబు.

మేము దానిని నిందించము. చెప్పేవారు లేని ఇంట అది చెప్పగలిగితే మేలే. పూర్వం డబ్బున్నవారికి ట్యూషను, కొద్దిగా ఉన్నవారికి గైడు, లేనివారికి ఉపదేశి లాంతరు ఉండేవి. జవాబు ఎప్పుడూ ఎక్కడో ఒకచోట దొరికేది. 493 అన్నది కూడా జవాబే కదా! అది ఎలా వచ్చినదని అడిగిన పిల్లవాడు ఉన్నందుననే ఆ ఇల్లు నిలిచినది. ఇక ముందు మన పిల్లల అప్పు పత్రాలు, జీతాల లెక్కలు, వైద్య పరీక్షల కాగితాలు అన్నీ యంత్రాలే వ్రాయవచ్చును. వాటిని చదివి “ఇది ఎలా వచ్చినది?” అని అడుగలేని వాడు మళ్ళీ వేలిముద్ర వేసిన తాతతో సమానుడే అగును.

కావున సంఘస్థులకు మా మనవి ఒక్కటే. వారంలో రెండు సాయంకాలాలు గుడి వరండాలో దీపం వెలిగించి ఉంచుదము. పదవ తరగతి పిల్లవాడు ఆరవ తరగతి పిల్లదాని ప్రక్కన కూర్చుండును గాక. విశ్రాంత ఉపాధ్యాయులు, బ్యాంకు ఉద్యోగులు, నర్సులు గంటసేపు వచ్చి కూర్చుంటే చాలును. జవాబులు చెప్పనక్కర లేదు. చెయ్యి చాపమని, వేళ్ళ మధ్య సందులు లెక్కపెట్టమని చెప్పగలిగితే చాలును.